ఇంట్లోనే డార్క్ రూమ్: సూది బెజ్జం కెమెరా ఫోటోలు కడిగే పద్ధతి

పాలపొడి డబ్బాకి బెజ్జం పెట్టి కెమెరా చేయడం ఒక ఆదివారం మధ్యాహ్నం పని. బడిలో సైన్స్ మాస్టారు చూపించిన సూది బెజ్జం కెమెరానే ఇది. అప్పుడు ట్రేసింగ్ పేపర్ ఉన్న చోట ఇప్పుడు ఫోటో కాగితం పెడతాం, అంతే తేడా. చాలామంది ఆగిపోయేది ఆ తర్వాత. ఎండలో పెట్టి తెచ్చిన కాగితాన్ని చూస్తే ఏమీ ఉండదు, పెట్టినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగానే ఉంటుంది. బొమ్మ అందులోనే ఉంది, కానీ కడిగితే గానీ పైకి రాదు. కడిగిచ్చే స్టూడియోలు ఇప్పుడు దాదాపు లేవు. కాబట్టి ఆ పని మన బాత్రూమ్‌లోనే జరగాలి.

ముందే ఒక మాట. డార్క్ రూమ్‌లో జరిగే ప్రతిదీ ఎప్పుడూ ఒకేలా జరగాలి. అదే కాగితం, అదే డెవలపర్ (బొమ్మని పైకి తెచ్చే మందు), నీళ్లు అదే వేడిలో, టైమ్ అదే 90 సెకన్లు. ఫోటో నల్లగా వచ్చినా వెలిసిపోయినట్టు వచ్చినా మార్చాల్సింది ఎండలో ఇచ్చే టైమ్‌నే. ట్రేలో బొమ్మ నల్లబడిపోతోందని టెన్షన్ పడి సగంలో లాగేస్తే ఆ ఒక్క ఫోటో ఎలాగో గట్టెక్కవచ్చు. తర్వాతి ఫోటోకి మాత్రం ఎంత టైమ్ ఇవ్వాలో మీకు ఎప్పటికీ తెలియదు. కింద చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

కెమెరా గురించి కావలసినంత

10 సెం.మీ. అడ్డకొలత ఉన్న రేకు డబ్బా తీసుకోండి. మూత కూడా రేకుదే అయితే మంచిది. ప్లాస్టిక్ మూతల్లోంచి వెలుతురు దూరుతుంది. చేతిలో పట్టుకుంటే తెలియదు గానీ ఎండలో నిమిషం పెడితే కాగితం చెబుతుంది. లోపలంతా మెరుపు లేని నల్ల స్ప్రే పెయింట్ కొట్టండి.

బెజ్జాన్ని డబ్బాకే నేరుగా పెట్టకండి, రేకు మందం. కూల్‌డ్రింక్ క్యాన్ కత్తిరించి రెండు సెంటీమీటర్ల ముక్క తీయండి. దాన్ని దళసరి అట్ట మీద పెట్టి బట్టలు కుట్టే సన్న సూది మొనతో నొక్కండి, పూర్తిగా పొడవొద్దు. వెనక వైపు లేచిన బుడిపెని పెయింటర్లు వాడే సన్న వాటర్ పేపర్‌తో రుద్ది చదును చేయండి. మళ్లీ కాస్త నొక్కండి, మళ్లీ రుద్దండి. చివరికి అంచులు చిరగని గుండ్రటి బెజ్జం వస్తుంది. 10 సెం.మీ. దూరానికి దాని వెడల్పు 0.4 మి.మీ. దగ్గర ఉండాలి. అంతకన్నా పెద్దదైతే బొమ్మ మసకబారుతుంది. మరీ చిన్నదైనా మసకే, ఎందుకంటే సన్న బెజ్జం అంచుల దగ్గర కాంతి వంగి చెదిరిపోతుంది. కొలవడానికి స్కానర్ చాలు. 1200 డీపీఐలో స్కాన్ చేసి చూస్తే 0.4 మి.మీ. బెజ్జం సుమారు 19 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది.

డబ్బా పక్క గోడ మధ్యలో పెద్ద రంధ్రం చేసి, ఈ ముక్కని లోపలి నుంచి నల్ల ఇన్సులేషన్ టేపుతో అంటించండి. బయట రెండు పొరల టేపు ముక్కే షట్టర్. ఒక మూలని మడిచి ఉంచితే తీయడం తేలిక. డబ్బా ఒకటితో ఆగకండి, మూడు నాలుగు చేసుకోండి. ఒక్క కాగితం పట్టే కెమెరా కాబట్టి ప్రతి ఫోటోకీ బాత్రూమ్‌లోకి పరుగెత్తాల్సిన పని తప్పుతుంది.

కాగితం

ఫిల్మ్‌తో కాకుండా ఫోటో ప్రింటింగ్ కాగితంతో మొదలుపెట్టమంటాను. ఎర్ర లైటు కింద కళ్లతో చూస్తూ పనిచేయొచ్చు. ఫిల్మ్ అయితే పూర్తి చీకట్లో తడుముకోవాలి. ఇల్ఫర్డ్ మల్టీగ్రేడ్ ఆర్‌సీ లాంటి ప్లాస్టిక్ పూత ఉన్న రకం తీసుకోండి. ఫైబర్ కాగితం చూడటానికి అందంగా ఉంటుంది గానీ, కెమికల్స్ అయ్యాక దాన్ని అరగంట నుంచి గంట దాకా నీళ్లలో జాడించాలి. ఆర్‌సీకి రెండు నిమిషాలు చాలు. మన నీటి ఎద్దడికి ఇదే నయం. 8×10 అంగుళాల కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 4×5 వస్తుంది. డబ్బాకి సరిగ్గా సరిపోతుంది.

మూతపడిన స్టూడియోల్లో పాత ప్యాకెట్లు దొరుకుతుంటాయి. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసిన ‘ఇందు’ కాగితం కూడా ఎక్కడో ఒక అటకమీద ఉండొచ్చు. ఇష్టంగా తీసుకోండి, కానీ నేర్చుకోవడం దానితో వద్దు. ఎండాకాలాలు ఎన్నో దాటిన కాగితం ఎండ తగలకుండానే బూడిద రంగులోకి తిరుగుతుంది. అప్పుడు తప్పు మీదో కాగితానిదో తెలియదు.

బాత్రూమ్‌ని చీకటి చేయడం

రాత్రిపూట చేయండి. సగం పని సూర్యుడే చేసిపెడతాడు. మిగిలింది వీధి లైటు, వెంటిలేటర్ గాజు పలకలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం, తలుపు కింది సందు. వెంటిలేటర్‌కి వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని రెండు మడతలు వేసి మాస్కింగ్ టేపుతో అంటించండి. తలుపు కింద ముదురు రంగు తువ్వాలు చుట్టి పెట్టండి.

తర్వాత లైటు ఆర్పి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. మొదటి నిమిషంలో గది కటిక చీకటిగానే అనిపిస్తుంది. కళ్లు అలవాటు పడ్డాక తలుపు సందులో గీత, గీజర్ మీద మినుకుమనే బొట్టు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఐదు నిమిషాల తర్వాత కూడా ముఖం ముందు తెల్ల కాగితం ఆడిస్తే కనిపించకపోతే ఆ గది పనికొస్తుంది. ఫోన్, స్మార్ట్‌వాచ్ బయటే వదిలేయండి. టైమ్ చూడటానికి గోడ గడియారం టిక్ టిక్ చాలు, సెకన్లు లెక్కపెట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, తలుపు తోయకుండా.

గదిని రెండు భాగాలుగా చూడండి. కాగితాల ప్యాకెట్, కత్తెర, డబ్బాలు ఉండే చోటు పొడిగా ఉండాలి. వాషింగ్ మెషిన్ పైభాగం దీనికి బాగుంటుంది. ట్రేలు నేలమీదో స్టూలు మీదో, వేరే పక్కన. తడి చేత్తో ప్యాకెట్ ముట్టుకుంటే ఆ వేలిముద్రలు ఫోటోలో శాశ్వతంగా ఉండిపోతాయి.

ఎర్ర లైటు నిజంగా ఎర్రదేనా?

ఫోటో కాగితానికి నీలం, కొంత పచ్చ మాత్రమే కనిపిస్తాయి, ఎరుపు కనిపించదు. అందుకే ఎర్ర లైటు. అయితే బజార్లో దొరికే ఎర్ర జీరో బల్బుల్లో చాలావాటికి గాజుపైన రంగు పూత మాత్రమే ఉంటుంది. మన కంటికి ఎర్రగానే కనిపిస్తాయి, లోపల నుంచి పచ్చ, నీలం జారుతూనే ఉంటాయి. దీన్ని పట్టుకోవడానికి పాత సీడీ ఒకటి చాలు. చీకట్లో బల్బు వెలిగించి దాని ప్రతిబింబాన్ని సీడీ వెనక మెరిసే వైపు చూడండి. ఇంద్రధనుస్సులో ఎరుపు ఒక్కటే కనిపిస్తే మంచి బల్బు. పచ్చ గీతో నీలం గీతో కనిపిస్తే వద్దు. తెల్ల ఎల్ఈడీకి రంగు పూసినవి కాకుండా, లోపలి చిప్పులే ఎరుపువి ఉన్న ఎల్ఈడీ బల్బులు ఈ పరీక్షలో మామూలుగా నెగ్గుతాయి.

సీడీ పరీక్షతో ఆగకండి, అసలు తీర్పు కాగితానిదే. బల్బుని ట్రేలకి నాలుగడుగుల దూరంలో పెట్టి, మీరు పనిచేసే చోటే కొత్త కాగితం ముక్క పరచి దాని మీద రూపాయి బిళ్ల పెట్టండి. ఎనిమిది నిమిషాలు వదిలేసి, తర్వాత మామూలుగా కడగండి. గుండ్రటి తెల్ల మచ్చ కనిపిస్తే లైటు ప్రమాదం, దూరం జరపండి లేదా బల్బు మార్చండి. ఏమీ కనిపించకపోతే మీకు నాలుగైదు నిమిషాల వరకు ధీమా ఉన్నట్టే. అంతకన్నా ఎక్కువ అనుకోవద్దు, ఎందుకంటే ఒకసారి ఎండ చూసిన కాగితం కొత్త కాగితం కన్నా సున్నితంగా ఉంటుంది.

కెమికల్స్: కొనేవి, కలుపుకునేవి

మూడు ట్రేలు కావాలి: బొమ్మని పైకి తెచ్చే డెవలపర్, దాని పనిని ఆపేసే స్టాప్ బాత్, ఎండ తగలని వెండి లవణాన్ని తీసేసి బొమ్మని నిలబెట్టే హైపో. ప్లాస్టిక్ ట్రేలు మేలు. స్టీలు పళ్లేలు పరవాలేదు గానీ అల్యూమినియం వద్దు, డెవలపర్‌లోని సోడా దాన్ని తినేస్తుంది. ఒకసారి ఇందుకు వాడిన గిన్నె, గరిటె, కొలత గ్లాసు మళ్లీ వంటింట్లోకి పోకూడదు. ఇంట్లో అందరికీ తెలిసేలా వాటి మీద రాసిపెట్టండి.

రెడీమేడ్ డెవలపర్ దొరికితే సీసా మీద రాసినట్టు కలుపుకోండి. దొరక్కపోతే కాలేజీలకు ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో విడి కెమికల్స్ కొని డీ-72 అనే పాత కొడాక్ ఫార్ములా మీరే చేసుకోవచ్చు. ఒక లీటరుకి మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, నీరు లేని సోడియం కార్బొనేట్ 67.5, పొటాషియం బ్రోమైడ్ 2 గ్రాములు. 50 డిగ్రీల వేడిలో ఉన్న ముప్పావు లీటరు నీళ్లలో, సరిగ్గా ఇదే వరసలో, ఒకటి పూర్తిగా కరిగాకే రెండోది వేయాలి. సల్ఫైట్ ముందు వేస్తే మెటాల్ ఇక కరగనని మొరాయిస్తుంది. అన్నీ కరిగాక చల్లటి నీళ్లతో లీటరు చేయండి. ఇది మూల ద్రావణం. వాడేటప్పుడు ఒక వంతు దీనికి రెండు వంతులు నీళ్లు కలపాలి. తూకానికి 0.1 గ్రాము చూపే చిన్న డిజిటల్ కాటా కావాలి. మెటాల్ కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు వస్తాయి. గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పొడులు తూచేటప్పుడు మాస్క్ కూడా పెట్టుకోండి.

ఇంత తతంగం ఎందుకు అనుకునేవాళ్లకి కాఫీ డెవలపర్ ఉంది. 1995లో అమెరికాలోని రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ తరగతి గదిలో పుట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు ఎక్కువమంది వాడే పాళ్లు ఇవి: లీటరు నీళ్లకి నీరు లేని బట్టల సోడా 54 గ్రాములు, విటమిన్ సి పొడి 16 గ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీ 40 గ్రాములు. ముందు సోడా, తర్వాత విటమిన్ సి, అది బుస్సున పొంగి తగ్గాక కాఫీ. నురగ పోయేదాకా ఐదు నిమిషాలు ఆగి వెంటనే వాడేయాలి, నిల్వ ఉండదు. మన దగ్గర దొరికే ఇన్‌స్టంట్ కాఫీలో చాలావాటికి చికోరీ కలుస్తుంది. లేబుల్ చూసి చికోరీ లేనిది కొనండి, పనిచేసేది కాఫీలోని ఆమ్లాలే గానీ చికోరీ కాదు. వంట సోడాతో పని జరగదు, దాని క్షారం చాలదు. బట్టల సోడా స్ఫటికాలుగా ఉంటే అందులో నీరు ఉన్నట్టు, తూకం 2.7 రెట్లు వేయాలి. ఈ డెవలపర్‌లో కాగితాన్ని 90 సెకన్లు కాదు, నాలుగు నిమిషాలు ఉంచాలి. కాగితానికి కాస్త టీ రంగు అంటుతుంది. వాసన మాత్రం ఎవరికీ నచ్చదు. సరదాకి బాగుంటుంది గానీ ప్రతిసారీ ఒకే ఫలితం కావాలంటే డీ-72 మీదే నాకు నమ్మకం.

స్టాప్ బాత్‌కి లీటరు నీళ్లలో 15 గ్రాముల నిమ్మ ఉప్పు చాలు. డెవలపర్ క్షారం, ఇది ఆమ్లం, కాగితం ఇందులో పడగానే పని ఆగిపోతుంది.

హైపో అంటే ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో టైట్రేషన్‌కి వాడిన సోడియం థయోసల్ఫేటే. ల్యాబ్ షాపుల్లో దొరుకుతుంది. కోస్తాలో రొయ్యపిల్లల హేచరీలకి సామాన్లు అమ్మేచోట కూడా అడగండి, నీళ్లలో క్లోరిన్ పోగొట్టడానికి వాళ్లు వాడేది ఇదే. లీటరుకి 200 గ్రాముల స్ఫటికాలు. గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టండి. కరిగేటప్పుడు ఇది వేడిని లాక్కుంటుంది, చూస్తుండగానే గిన్నె చేతికి చల్లగా తగులుతుంది.

ఒక హెచ్చరిక. బాత్రూమ్ కడిగే యాసిడ్ సీసాలని ఈ పనికి ముందే బయట పెట్టేయండి. హైపో మీద యాసిడ్ పడితే తెల్లగా గంధకం విరగడమే కాదు, ఊపిరాడనివ్వని సల్ఫర్ డైఆక్సైడ్ వాయువు వస్తుంది. మూసేసిన చిన్న గదిలో అది ఆషామాషీ వ్యవహారం కాదు. అరగంటకోసారి తలుపు తీసి గాలి ఆడనివ్వండి.

నీళ్లు, వేడి

ఫార్ములాలన్నీ 20 డిగ్రీల నీటికి రాసినవి. మే నెలలో మన మిద్దెమీది ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా వస్తాయి. 30 డిగ్రీలు దాటిన డెవలపర్‌లో కాగితం మరీ త్వరగా నల్లబడుతుంది, తెల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు చేరుతుంది. 24 డిగ్రీలు పెట్టుకోండి, ఏడాది పొడుగునా మనకి అందే వేడి అది. కుండలో నీళ్లు పెడితే ఎండాకాలంలోనూ దాని దగ్గరికి వస్తాయి. ఇంకా తగ్గించాలంటే ట్రేని ఐస్ ముక్కలు వేసిన పెద్ద బేసిన్‌లో కూర్చోబెట్టండి. ఐస్‌ని డెవలపర్‌లో వేయొద్దు, పలచబడిపోతుంది. థర్మామీటర్ తప్పనిసరి, ల్యాబ్ షాపులోదే కొనండి. జ్వరం చూసేది 35 డిగ్రీల కింద ఏమీ చెప్పదు.

బోరు నీళ్లతో డెవలపర్ కలిపితే ఉప్పులు సోడాతో కలిసి అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. డెవలపర్‌కి మాత్రం మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు వాడండి. మిగతావాటికి ఏ నీళ్లైనా సరే.

కాగితం ఎక్కించి ఎండలో పెట్టడం

ఎర్ర లైటు కింద ప్యాకెట్ తెరిచి ఒక్క కాగితం తీసి, నల్ల సంచి వెంటనే మూసేయండి. నిగనిగలాడే వైపు మందు పూత ఉంటుంది. అనుమానమైతే మూలన తడి వేలు పెట్టి చూడండి, పూత ఉన్న వైపు కాస్త అంటుకుంటుంది. ఆ వైపు బెజ్జాన్ని చూసేలా కాగితాన్ని బెజ్జానికి ఎదురు గోడకి వంచి దూర్చండి. అంచులు బెజ్జాన్ని కప్పకూడదు. మూత బిగించి, మూత చుట్టూ కూడా టేపు వేయండి.

ఇక టైమ్. ఈ కాగితాన్ని కెమెరాలో వాడితే దాని వేగం, అంటే కాంతిని ఎంత త్వరగా పట్టుకుంటుందన్నది, ఐఎస్‌ఓ 6 దగ్గర ఉంటుంది. 10 సెం.మీ. దూరాన్ని 0.4 మి.మీ. బెజ్జంతో భాగిస్తే 250, దాన్నే ఎఫ్ 250 అంటారు; ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే కాంతి తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండకి ఎఫ్ 16 దగ్గర ఐఎస్‌ఓ 6 అయితే సెకనులో ఆరో వంతు సరిపోతుందన్నది ఫోటోగ్రాఫర్ల పాత లెక్క. ఎఫ్ 16 నుంచి 250కి వస్తే కాంతి సుమారు 240 రెట్లు తగ్గుతుంది. కాబట్టి 40 సెకన్లు. మొదటి కాగితానికి అదే ఇవ్వండి. పలచటి మబ్బుకి రెండు నిమిషాలు, నీడలో ఐదారు నిమిషాలు. సాయంత్రం ఐదు దాటాక వెలుతురు పసుపెక్కుతుంది. మన కంటికి బాగానే ఉంటుంది గానీ కాగితానికి కావలసిన నీలం తగ్గిపోతుంది, అందుకని ఇంకా పెంచాలి.

డబ్బా కదలకూడదు. గోడమీదో మెట్టుమీదో పెట్టి పైన రాయి బరువు ఉంచండి. టేపు తీసేటప్పుడు డబ్బా ఊగితే అర సెకను ఊపు 40 సెకన్లలో కలిసిపోతుంది, భయం లేదు. నోటు పుస్తకంలో తేదీ, గంట, ఎండ తీరు, ఏ డబ్బా, ఎన్ని సెకన్లు అని రాయండి. ఇది లేకపోతే మిగతా శ్రమంతా వృథా.

ఏం తీయాలో కూడా ఈ కాగితమే నిర్ణయిస్తుంది. ఎరుపు దానికి కనిపించదు కాబట్టి తురాయి పూలు, ఎర్రమట్టి, ఎర్ర చీర ప్రింటులో దాదాపు నల్లగా వస్తాయి. సున్నం వేసిన గోడ, గుడి గోపురం మీది శిల్పాలు, రాతి బండలు, కొబ్బరాకుల నీడలు బాగా వస్తాయి. రోడ్డు మీద నడిచేవాళ్లు 40 సెకన్లలో మాయమైపోతారు, రద్దీ సెంటర్ కూడా ఖాళీగా కనిపిస్తుంది. ఏప్రిల్ చివరి ఆదివారం ప్రపంచ పిన్‌హోల్ ఫోటోగ్రఫీ దినం, 2001 నుంచి జరుగుతోంది. మన ఎండలకి అంతకన్నా మంచి రోజు దొరకదు, ఒక్క కాగితం అయినా తీయండి.

కడగడం

గదిలోకి డబ్బాతో వెళ్లేముందే మూడు ట్రేలు వరసగా పెట్టి, ఎడమ నుంచి కుడికి డెవలపర్, స్టాప్, హైపో, చివర్లో మామూలు నీళ్ల బకెట్ ఉంచండి. ఏ ట్రేకి ఆ పట్టకారు. ఒకదాన్ని ఇంకోదాంట్లో ముంచొద్దు. ముఖ్యంగా హైపో చుక్క డెవలపర్‌లో పడితే ఆ డెవలపర్ పారబోయడమే. 24 డిగ్రీలు ఉందో లేదో చూసి, తెల్ల లైటు ఆర్పి, ఎర్ర లైటు వేయండి.

1. కాగితాన్ని పూత వైపు పైకి ఉంచి, ఒక అంచు నుంచి డెవలపర్‌లోకి ఒక్క ఊపులో జార్చండి. సగం తడిసి సగం పొడిగా ఉంటే గీత పడుతుంది. పడిన క్షణం నుంచి లెక్క మొదలు.

2. ట్రే ఒక మూలని పైకెత్తి దించండి, తర్వాత ఎదురు మూల. ద్రావణం కాగితం మీదుగా నెమ్మదిగా పొర్లుతూ ఉండాలి. పది పదిహేను సెకన్లు ఏమీ జరగదు. తర్వాత కాగితం కింది భాగంలో ఒక పొగమరక లేస్తుంది. అది ఆకాశం. బొమ్మ తలకిందులు, పైగా నెగటివ్ (వెలుగు నల్లగా, నీడ తెల్లగా), అందుకని అందరికన్నా ముందు నల్లబడేది ఆకాశమే. దాని అంచున ఇంటి కప్పు తెల్లగా తేలుతుంది. 30 సెకన్లకి గోడలు, 45 దాటాక నీడల్లోని చిన్న చిన్న వివరాలు వస్తాయి.

3. నిమిషం దగ్గర చేతులు దురద పెడతాయి. ఎర్ర వెలుగులో కాగితం అసలు ఉన్నదానికన్నా నల్లగా కనిపిస్తుంది, మాడిపోయిందనిపిస్తుంది. తీయకండి. 90 సెకన్లు పూర్తికానివ్వండి.

4. పట్టకారుతో మూల పట్టుకుని పైకెత్తి ఐదారు సెకన్లు చుక్కలు కారనివ్వండి. స్టాప్‌లో 15 సెకన్లు, కదుపుతూ.

5. ఒక్కసారి నీళ్లలో ముంచి తీసి హైపోలోకి. మామూలు హైపో యాసిడ్‌కి విరుగుతుంది కాబట్టి ఈ మునక అవసరం. హైపోలో ఐదు నిమిషాలు, అప్పుడప్పుడు కదుపుతూ. హైపోకి బదులు బజార్లో కొన్న రాపిడ్ ఫిక్సర్ అయితే నిమిషం చాలు. సగం సమయం గడిచాక తెల్ల లైటు వేసుకోవచ్చు.

6. కుళాయి కింద రెండు నిమిషాలు, ముందూ వెనకా కడగండి. తక్కువ నీళ్లున్న చోట బకెట్‌లో నాలుగుసార్లు నీళ్లు మార్చినా సరిపోతుంది.

7. బోరు నీటి మరకలు పడకుండా చివర్లో ఒక్కసారి క్యాన్ నీళ్లలో ముంచి, నీడలో తీగకి క్లిప్పు పెట్టి వేలాడదీయండి. పాత న్యూస్‌పేపర్ మీద ఆరబెట్టొద్దు, అక్షరాలతో సహా అంటుకుంటుంది.

నెగటివ్ ఏం చెబుతోంది

ఆరాక పగటి వెలుగులో చూడండి. ఆకాశం నల్లగా, కానీ ఎండ పడ్డ గోడ ఆకాశంతో కలిసిపోకుండా బూడిదగా, నీడల్లో కనీసం లేత చారలైనా ఉంటే టైమ్ సరిపోయినట్టు. అంతా బొగ్గులా ఉంటే తర్వాతిసారి టైమ్ సగం చేయండి. వెలిసిపోయినట్టుంటే రెట్టింపు. ఐదు సెకన్లు, పది సెకన్లు పెంచుతూ పోతే తేడా కనిపించదు, కాగితాలు అయిపోతాయి.

ఎండకీ నీడకీ మధ్య మెట్టే లేకుండా నలుపు తెలుపుగా వస్తే బెజ్జం వెనక పసుపు జిలాటిన్ ముక్క అంటించండి. నాటకాల లైట్లకి వాడే రకమే. మల్టీగ్రేడ్ కాగితానికి పసుపు వెలుగులో కాంట్రాస్ట్ తగ్గుతుంది. టైమ్ రెండు మూడు రెట్లు పెరుగుతుంది.

కాగితమంతా ఒకేలా బూడిదగా వస్తే దొంగ ఎక్కడున్నాడో వెతకాలి, అందుకు ఒక వరస ఉంది. ప్యాకెట్ నుంచి తీసిన కొత్త కాగితాన్ని డబ్బాలో పెట్టకుండా నేరుగా కడగండి. తెల్లగా వస్తే గది, కాగితం మంచివే, లోపం డబ్బాలో ఉంది. బూడిదగా వస్తే ఎర్ర లైటు కూడా ఆర్పేసి మరో కాగితాన్ని కటిక చీకట్లో కడగండి. ఈసారి తెల్లగా వస్తే దోషం లైటుది. అప్పటికీ బూడిదే అయితే వెంటిలేటర్ సందులు మళ్లీ చూడండి. అవీ బాగుంటే కాగితమే పాతది. డబ్బా అని తేలితే మరక ఏ అంచు నుంచి మొదలైందో చూడండి. ప్రతి కాగితం మీదా పై అంచున అదే నల్ల చార వస్తే మూత. మధ్య నుంచి వలయంలా వస్తే బెజ్జం చుట్టూ టేపు సరిగ్గా అంటలేదు. బొమ్మ రెండుగా కనిపిస్తే రేకు మీద ఎక్కడో రెండో బెజ్జం ఉంది.

పూర్తిగా తెల్ల కాగితం వచ్చిందా? టేపు తీయలేదు, లేదా కాగితం వెనక్కి తిరిగి ఉంది, లేదా ముందు హైపోలో వేశారు.

నెగటివ్ నుంచి ప్రింట్

ఫోన్‌తో ఫోటో తీసి రంగులు తిరగేసి, అడ్డంగా తిప్పితే బొమ్మ సిద్ధం. అడ్డంగా తిప్పడం మరిచిపోతే షాపు బోర్డులు అద్దంలో చూసినట్టు ఉంటాయి. కానీ ఇంత దూరం వచ్చాక కాగితం మీద ప్రింట్ తీయకపోతే ఎలా? నెగటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ యంత్రం అక్కర్లేదు. కాగితం నెగటివ్ నుంచి కాగితం ప్రింట్ తీయడం 1840లలో ఇంగ్లండ్‌లో ఫాక్స్ టాల్బట్ మొదలుపెట్టిన దారే. ఇక్కడ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ కాలపు ఆల్బుమెన్ (గుడ్డు తెల్లసొన పూసిన కాగితం) ప్రింట్లు కూడా నెగటివ్‌ని కాగితానికి ఆనించి, నెగటివ్ ఎంత ఉంటే అంతే సైజులో తీసినవే.

ఎర్ర లైటు కింద కొత్త కాగితాన్ని పూత పైకి పరచండి. దాని మీద నెగటివ్‌ని బోర్లా, పూత పూతకి తగిలేలా పెట్టండి. పైన ఫోటో ఫ్రేముల షాపులో కోయించిన మందపాటి గాజు, అంచులు అరగదీయించింది. మీటరు ఎత్తులో తెల్ల జీరో బల్బు. ముందు టెస్ట్ స్ట్రిప్: గాజు మీద అట్ట పెట్టి, రెండేసి సెకన్లకి ఒకసారి అంగుళం చొప్పున జరపండి. కడిగితే మెట్లు మెట్లుగా వస్తుంది. నచ్చిన మెట్టు ఎన్ని సెకన్లదో లెక్కపెట్టి ఆ టైమ్‌తో పూర్తి ప్రింట్ తీయండి. అన్ని మెట్లూ నల్లగా ఉంటే బల్బుకి తెల్ల కాగితం చుట్టండి, అన్నీ తెల్లగా ఉంటే మెట్టుకి పది సెకన్లు చేయండి. ఇక్కడా డెవలపర్‌లో అవే 90 సెకన్లు. కాంతి నెగటివ్ వెనక నుంచి దూరుతుంది కాబట్టి కాగితం వెనక కంపెనీ పేరు అచ్చు ఉంటే ఆ అక్షరాలు ప్రింటులో నీడగా పడొచ్చు. వెనక ఏమీ లేని కాగితం దొరికితే నెగటివ్‌లకి దాన్నే కేటాయించండి.

పని అయ్యాక

నీళ్లు కలిపిన డెవలపర్ ఆ రాత్రికే. తెల్లారేసరికి టీ రంగుకి మారుతుంది, దాచొద్దు. డీ-72 మూల ద్రావణం మాత్రం గాలి చొరబడకుండా నిండా పోసి బిగించిన సీసాలో కొన్ని నెలలు ఉంటుంది. వాడిన డెవలపర్‌ని స్టాప్ బాత్‌తో కలిపి, బాగా నీళ్లు పోసి డ్రైనేజీలో వదిలేయొచ్చు. మొక్కల్లో, సెప్టిక్ ట్యాంకులో, బావి దగ్గర పోయొద్దు.

హైపో సంగతి వేరు. కాగితంలో ఎండ తగలని వెండి లవణమంతా అందులోకే చేరుతుంది, ఆ వెండి నీళ్లలోని జీవాలకి విషం. ఎక్స్‌రే సెంటర్ల వాడిన హైపో కొనుక్కుని వెండి తీసుకునేవాళ్లు ఒకప్పుడు ఊరూరా తిరిగింది అందుకే. 4×5 కాగితాలు ఇరవై దాకా కడిగాక ఆ లీటరుని పక్కన పెట్టండి. పాత ప్లాస్టిక్ డబ్బాలో పోసి అందులో మామూలు ఇనుప పీచు వేయండి, తుప్పు పట్టని స్టీలు స్క్రబ్బర్ పనిచేయదు. ఇనుము కరుగుతూ వెండిని నల్లటి మడ్డిగా దించుతుంది. మూడు రోజుల తర్వాత పైనీటిని వడకట్టి డ్రైనేజీలో పోసి, మడ్డిని పొడి సీసాలో పేరు రాసి, పిల్లలకి అందని చోట దాచండి.